రంగు వేయని నెల

సబోహత్ తన కోడళ్ళ మొహాలు చూసేది కాదు. చేతులు చూసేది.

పొద్దున్నే భోజనానికి పరిచే దస్తర్‌ఖాన్ దగ్గర టీ ఇచ్చేటప్పుడు కోడలు ఎడమచెయ్యి గుండెలకు ఆనించి, కుడిచేత్తో పియాలా ముందుకు చాపాలి. ఆ ఒక్క క్షణం ఆవిడకు చాలు. గోళ్ళు బోసిగా ఉంటే పియాలా అందుకుని, కడుపు పండాలని దీవించి, రొట్టె తుంచేది. గోళ్ళకు రంగు ఉంటే దీవెన మింగేసి ఊరికే టీ తాగేది.

మర్గిలాన్ ఊళ్ళో ఆ వీధంతా నమాజు తప్పని ఇళ్ళే. గోటి మీద రంగు ఉంటే నీళ్ళు గోటికి తగలవు. నీళ్ళు తగలకపోతే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ కాదు, వజూ లేకపోతే నమాజు లేదు. అందుకని ఆడవాళ్ళు రంగు వేసుకునేది నమాజు చేయనక్కరలేని రోజుల్లోనే, అంటే నెలసరి రోజుల్లో. ఆ రోజులు అయిపోగానే రిమూవర్‌తో తుడిచి స్నానం చేస్తారు. పైకి ఎవరూ అనరు. కానీ ఏ కోడలి గోళ్ళు ఎప్పుడు ఎర్రబడ్డాయో ఆ వీధిలో ప్రతి అత్తకూ తెలుసు.

చిన్న కోడలు నఫోసత్ గోళ్ళు మూడు శీతాకాలాలుగా నెల తప్పకుండా ఎర్రబడుతున్నాయి.

శీతాకాలాలే ఎందుకంటే, ఆమె భర్త ముజఫ్ఫర్ ఇంట్లో ఉండేది అప్పుడే. మంచు పడగానే రష్యాలో ఇళ్ళ కట్టుబడి పనులు ఆగిపోతాయి, అతను ఇంటికి వస్తాడు. మార్చిలో నవ్రూజ్ పండుగ అవగానే మళ్ళీ రైలెక్కుతాడు. కాపురమని చెప్పుకోవడానికి వాళ్ళకున్నది ఆ చలి నెలలే.

ఇది నాలుగో చలికాలం. మొదట్లోనే సబోహత్ చిన్న కోడల్ని తందూరు దగ్గరికి పిలిచింది. రొట్టెలు తీస్తూ, కోపం లేకుండా, రేపు మంచు పడుతుందని చెప్పినట్టే చెప్పింది. నవ్రూజ్ తర్వాత ముజఫ్ఫర్ రైలెక్కే లోపల కడుపు పండిన కబురు రాకపోతే, తనే స్వయంగా నఫోసత్‌ని కువాలో ఆమె అన్న ఇంట్లో దింపి వస్తుంది. కొడుక్కి ఇంకో సంబంధం చూస్తుంది. ఇందులో తిట్టుకోవడానికేమీ లేదని కూడా అంది.

కువా వెళ్ళడమంటే నఫోసత్‌కి తెలుసు. ఆ ఊళ్ళో అలా వచ్చిన ఆడదాన్ని పేరుతో పిలవరు, 'వెనక్కొచ్చింది' అంటారు. ఆమె చిన్నప్పుడు పక్కింట్లో అలాంటి ఒకావిడ ఉండేది. ఆవిడ అసలు పేరేమిటో నఫోసత్‌కి ఇప్పటికీ తెలియదు.

ఫర్గానా పట్నం డాక్టరు భార్యాభర్తలిద్దర్నీ రమ్మని మొదటి ఏడే చెప్పింది. ముజఫ్ఫర్ నవ్వి, నాకేం రోగం అన్నాడు. మంచివాడే. చెయ్యెత్తడు, గొంతెత్తడు. అమ్మ ముందు అసలు నోరే ఎత్తడు.

పెళ్ళికి ముందు నఫోసత్ ఫర్గానాలో ఒక సెలూన్లో గోళ్ళ పని చేసేది. అప్పటి పెట్టె ఒకటి అత్తారింటికి తెచ్చుకుంది. నేరేడు రంగు నుంచి పాలమీగడ రంగు దాకా రంగు సీసాలు, గోళ్ళు రాసే ఫైళ్ళు, చర్మం వెనక్కి నెట్టే చెక్కపుల్లలు, అన్నీ ఉన్నాయి అందులో. ఇప్పుడా పనితనమంతా తోడికోడలు దిల్‌రబోకే. పెద్ద కోడలు దిల్‌రబోకి ముగ్గురు పిల్లలు. నోటికి తాళం లేదు, ఆమె గోళ్ళు చూసి సబోహత్ ఇప్పుడు దేనికీ కంగారుపడదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం దిల్‌రబో చేతులు గోరువెచ్చని నీళ్ళలో పెట్టించి నఫోసత్ ఎదురుగా కూర్చుంది. గోటి మొదట్లో చర్మాన్ని కోయకుండా పుల్లతో మెల్లగా నెట్టింది. ఫైలును ఒకే వైపుకి లాగింది. ముందుకూ వెనక్కూ రంపంలా లాగితే గోరు పొరలుగా విడిపోతుందని ఎన్నిసార్లు చెప్పినా దిల్‌రబో వినదు.

"ఏ రంగు వెయ్యమంటావక్కా?"

"నీ ఇష్టం. మా ఆయన ఎటూ చూడడు, చూసేది అత్తయ్యేగా. ఆవిడకి నప్పేది వెయ్యి."

చలికి కందిన చేతులకి గులాబీ రంగు వేస్తే ఉడకబెట్టినట్టు కనబడతాయని, ఇటుక రంగైతే ఆ ఎరుపు అణిగిపోతుందని నఫోసత్ చెప్పింది.

"మీ ఆయన కట్టే గోడలు చాలక నా గోళ్ళ మీద కూడా ఇటుకలు పేరుస్తావా?" అని దిల్‌రబో వేళ్ళు చాపింది.

బేస్ కోట్ పల్చగా, దాని మీద రంగు పల్చగా రెండుసార్లు, గోటి అంచుక్కూడా కుంచె తగిలేలా. పని అయ్యాక నఫోసత్ చేతుల వంక చూసి, నీదీ ఇదే వారంగా, నువ్వు వేసుకోవా అని దిల్‌రబో అడిగింది.

ఈ నెల వేసుకోనంది నఫోసత్. బట్టల సోడాకి, చన్నీళ్ళకి, చవక రిమూవర్‌కి గోళ్ళు పాడయ్యాయి. చివర్లు పొరలుగా లేస్తున్నాయి, కుడి బొటనవేలి గోరు అడ్డంగా చీలింది. కొన్నాళ్ళు వాటికి గాలి తగలనివ్వాలి. పొట్టిగా కత్తిరించి, పొద్దునా సాయంత్రం ఆప్రికాట్ పప్పు నూనె రాసి, నూలు తొడుగులు వేసుకుంటే నెలలో కోలుకుంటాయి.

అంతే జరిగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

కొద్ది రోజుల తర్వాత నఫోసత్ బావి దగ్గర బకెట్ ఎత్తబోతే సబోహత్ వచ్చి చేతిలోంచి లాక్కుంది. మధ్యాహ్నం పులావులో మెత్తటి మాంసం ముక్క ఏరి ఆమె వైపు నెట్టింది. నఫోసత్‌కి అర్థం కాలేదు. అత్తయ్యకి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. శుక్రవారం పొద్దున సబోహత్ మూకుట్లో దిష్టి ఆకు కాల్చి ఆమె చుట్టూ పొగ తిప్పి, నల్లకన్ను పూస ఒకటి తెచ్చి తలగుడ్డ లోపలి మడతకి గుచ్చింది. అప్పుడు అర్థమైంది.

నఫోసత్ నేరుగా వంటగదిలోకి వెళ్ళి దిల్‌రబో చెయ్యి పట్టుకుంది. రంగు వేసుకోలేదుగా, ఇంకేమనుకుంటుంది ఆవిడ అంది దిల్‌రబో. ఎవరి గదిలో వాళ్ళు నమాజు చేసుకునే ఇల్లు. ఆ వారం నఫోసత్ చాప పరిచిందో లేదో ఎవరు చూశారు? గోళ్ళు మాత్రం అందరూ చూశారు.

"ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"ఏమని చెప్తావ్? ఆవిడ నిన్నేమన్నా అడిగిందా?"

అడగలేదు. అడగరు కూడా. కడుపు కనబడే దాకా ఆ మాట నోటితో అనరు, దిష్టి తగులుతుంది. అనని మాటకి కాదని జవాబివ్వడం ఎలా? కాదన్నా దిష్టే. తన నోటితో తనే పెట్టుకున్నట్టు.

దిల్‌రబో గొంతు తగ్గించింది. "నోరు మూసుకుని కూర్చో. మరిది ఇంట్లోనే ఉన్నాడు. ఈ నెల నిజమైపోయిందనుకో, ఎవరు లెక్క తీస్తారు? ఆలస్యంగా పుట్టిన పిల్లలు లేరా లోకంలో?"

నఫోసత్ నోరు మూసుకుంది.

ఆ నెల ఆ ఇంట్లో ఆమె రాణిలా బతికింది. సబోహత్ తన పాత శాలువా తెచ్చి భుజాల మీద కప్పింది. ముజఫ్ఫర్ ద్రాక్షతీగ కత్తిరిస్తూ ఈల వేశాడు. అతను ఈల వేస్తాడని నఫోసత్‌కి అప్పటిదాకా తెలియదు. ఒకరోజు నిచ్చెన దిగి వచ్చి, ఈసారి రష్యా వెళ్ళనని, ఫర్గానాలోనే పని చూసుకుంటానని చెప్పాడు. మూడేళ్ళుగా ఆమె అడగాలనుకుని అడగలేకపోయిన మాట అది.

"ఒకవేళ..." అని మొదలుపెట్టింది.

అతను వేలు తన పెదాల మీద పెట్టుకున్నాడు. "మాట్లాడొద్దు. అమ్మ ఎవరితోనూ అనొద్దంది."

కానీ అమ్మ అనేసింది. ఆ వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నఫోసత్‌ని చూసి నవ్వే నవ్వు మారింది. జన్మంతా దిష్టికి భయపడిన మనిషి సంతోషం పట్టలేక తన నియమం తనే తప్పింది.

రంజాన్ మొదలైంది. సబోహత్ చిన్న కోడల్ని ఉపవాసం ఉండనివ్వలేదు, తర్వాత ఉండొచ్చులే అంది. ఆ ఇంట్లో రంజాన్ నెలలో మాత్రం ఆడవాళ్ళందరూ సాయంత్రాలు పెద్దగదిలో కలిసి నమాజు చేస్తారు. సబోహత్ తన పక్కనే నఫోసత్‌కి చాప వేయించింది. రోజూ నమాజు అయ్యాక చేతులు చాచి ఆవిడ చాలాసేపు దువా చేసేది. ఏం అడుగుతోందో పక్కనున్న నఫోసత్‌కి వినబడేది. ఆమె కూడా అదే అడిగేది, ఇంకా గట్టిగా.

ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే నడుము దగ్గర తెలిసిన నొప్పి వచ్చింది. నఫోసత్ చీపురు పట్టుకుని అలాగే చతికిలబడింది. లోపలికెళ్ళి చూసుకుంటే, సందేహమేమీ లేదు.

గోళ్ళు బోసిగా ఉంటే సాయంత్రం అత్తయ్య పక్కన నిలబడాలి. ఆ స్థితిలో దేవుడి ముందు నిలబడటం ఆమె వల్ల కాదు. మనుషుల దగ్గర నోరు మూసుకోవడం వేరు. ఆ సాయంత్రం వాంతి వచ్చేలా ఉందని చెప్పి పడుకుంది. ఆ మాటకి సబోహత్ మొహం వెలిగిపోయింది. నిమ్మకాయ కోసి తెచ్చి ఇచ్చింది.

మర్నాడు పొద్దున ఆవిడ దిండు ఒకటి తెచ్చి, ఒంట్లో బాగాలేనివాళ్ళు కూర్చునే నమాజు చేయొచ్చని, సాయంత్రం తన పక్కనే దీనిమీద కూర్చోమని చెప్పి వెళ్ళింది. ఇంక దారి లేదు.

మధ్యాహ్నం నఫోసత్ కిటికీ దగ్గర పెట్టె తెరిచింది.

నెలపాటు నూనె తాగిన గోళ్ళు ఎప్పుడూ లేనంత బాగున్నాయి. ఒక్క పొర లేదు, ఒక్క చీలిక లేదు. సెలూన్లో పనిచేసినప్పుడు కూడా అంత చక్కటి గోళ్ళు ఆమెకి లేవు. నూనె జిడ్డు పోయేలా తుడిచింది, లేకపోతే రంగు పట్టదు. మూలలు గుండ్రంగా రాసింది. బేస్ కోట్ వేసి ఆరనిచ్చింది. చేతులు వణకకుండా మోచేతులు కిటికీ గట్టుకి ఆనించింది.

ముందు పాలమీగడ రంగు సీసా తీసింది. అత్తయ్య చూపు మందగించింది. ఆ రంగు వేస్తే దీపం వెలుగులో కనబడుతుందో లేదో. కనబడకపోతే ఇంకో రోజు గడుస్తుంది. కానీ రంగు వేసుకుని నమాజుకి రాకపోతే కారణం చెప్పాలి, రంగు కనబడకపోతే ఆ కారణం నోటితో చెప్పాలి. నోటితో చెప్పలేకే కదా ఈ సీసా తీసింది. మీగడ రంగు లోపల పెట్టేసింది. అన్నిటికంటే ముదురు ఎరుపు తీసింది, గది అవతలి మూల నుంచి చూసినా కనబడేది. పల్చగా ఒకసారి, ఆరాక ఇంకోసారి. తొందరపడలేదు. ఒక్క గోటి దగ్గర కూడా రంగు చర్మానికి అంటలేదు.

ఇఫ్తార్ వేళ ఖర్జూరం నోట్లో వేసుకున్నాక సబోహత్ పియాలా కోసం చెయ్యి చాపింది. నఫోసత్ ఎడమచెయ్యి గుండెలకి ఆనించి, కుడిచేత్తో అందించింది. సబోహత్ పట్టుకుంది. చూసింది. టీ తొణికి దస్తర్‌ఖాన్ మీద పడింది.

ఏమైందమ్మా అన్నాడు ముజఫ్ఫర్.

వేడిగా ఉంది, అంది సబోహత్.

మర్నాడు పొద్దున ఆవిడ నఫోసత్ గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఈ నాలుగేళ్ళలో ఎన్నడూ లేనిది, కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది. జుట్టు నిమిరింది.

"పోయిందా?"

ఇన్నాళ్ళకి అడిగింది. నఫోసత్ నోరు తెరిచింది. ఏడుపు వచ్చింది తప్ప మాట రాలేదు. ఆ ఏడుపే ఆవిడకి జవాబైపోయింది.

"నాకూ మొదటిది పోయింది. మా అత్త ఒక్క మాట అనలేదు, నేనూ అనను. ఒకసారి నిలిచిందంటే మళ్ళీ నిలుస్తుంది. ఇప్పటిదాకా అదీ లేదనేగా నా భయం. నువ్వెక్కడికీ వెళ్ళక్కరలేదు, సరేనా. ఈ ఇంట్లోనే ఉంటావు."

ఆ ఒళ్ళో పడుకునే నఫోసత్ ఆ మాట వింది. ఏ మాట కోసం నాలుగు చలికాలాలు ఎదురుచూసిందో అదే. ఇప్పుడు ఏమీ చెయ్యక్కరలేదు, మళ్ళీ నోరు మూసుకుంటే చాలు. కళ్ళు మూసుకుని అలాగే పడుకుంది.

సాయంత్రం లోపు సబోహత్ రహ్‌బర్ ఓతిన్‌కి కబురు పంపింది. ఓతిన్ అంటే ఆ వీధి ఆడవాళ్ళకి ఖురాన్ నేర్పేది, పెళ్ళికీ చావుకీ ఇంటికొచ్చి చదివేది. పొడుగ్గా, ఎండిపోయిన మనిషి, అనవసరంగా ఓదార్చదు. మర్నాడు వచ్చి కూర్చుని చదివింది. సబోహత్ కళ్ళొత్తుకుంటూ వింది. చదవడం అయ్యాక ఓతిన్ నఫోసత్‌ని దగ్గరికి పిలిచింది. గదిలో వాళ్ళిద్దరితో పాటు సబోహత్, దిల్‌రబో మాత్రమే ఉన్నారు.

"నమాజు సంగతి తేల్చుకోవాలి తల్లీ, అందుకు అడుగుతున్నా. సిగ్గుపడకు. పడిపోయింది నువ్వు చూశావా?"

నఫోసత్ తల దించుకుంది.

"రూపం కొంచెమైనా ఏర్పడి ఉంటే నిన్ను బాలింత కింద లెక్కేస్తాం, నెత్తురు ఆగేదాకా నమాజు లేదు. రూపం లేకపోతే ఆ లెక్క వేరు. తెలిసేది దాన్నిబట్టే. వేలు గానీ, గోరు గానీ కనబడిందా? చిన్న గోరైనా?"

నఫోసత్ తన చేతులు చూసుకుంది. ఎర్రగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. అవునన్నా చాలు, చూడలేదన్నా చాలు. ఏదో ఒకటి చెప్తే ఆ లేని బిడ్డ లెక్క మీద తను ఎన్నాళ్ళు నమాజు మానాలో ఈవిడ తేల్చేస్తుంది.

"గోరు లేదు. వేలు లేదు. అసలేమీ లేదు ఓతిన్ గారూ, ఎప్పుడూ లేదు. ఆ నెల నా గోళ్ళు పొరలు లేస్తున్నాయని రంగు వేసుకోలేదు. అంతే."

దిల్‌రబో గోడ వైపు తిరిగింది. ఓతిన్, అయితే ఇది మామూలు నెలసరే, స్నానం చేశాక యథాప్రకారం నమాజు చేసుకో అని చెప్పి పుస్తకం గుడ్డలో చుట్టుకుంది. ఆవిడ వరకు విషయం తేలిపోయింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సబోహత్ చిన్నగా నవ్వింది.

"నీ గోళ్ళు చూసి నేను వీధంతా చెప్పుకొచ్చాను."

"నేనేమీ చెప్పలేదత్తయ్యా."

"చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను, అది నా తప్పు. కానీ నిన్న పొద్దున నా ఒళ్ళో తల పెట్టుకున్నావు చూడు. అప్పుడు చెప్పాల్సింది."

"చెప్పుంటే ఉండనిచ్చేవారా?"

సబోహత్ ఆ ప్రశ్నకి నిజాయితీగా ఆలోచించింది. "లేదు. తిట్టి పంపేదాన్ని. ఇప్పుడు తిట్టడానిక్కూడా ఓపిక లేదు." లేచి, శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుంది. "బాగా అలిసిపోయావు. కువా వెళ్ళి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో."

ఆ వీధిలో ఆ మాట విన్న కోడలు తిరిగొచ్చింది లేదు.

దిల్‌రబో అత్తయ్య వెనకాలే వెళ్ళి, నోరు మూసుకోమన్నది తనేనని చెప్పింది. సబోహత్ వినిపించుకోలేదు, తందూరులో కట్టెలు పెట్టమంది. అయినా దిల్‌రబో వెళ్ళి అత్తయ్య గది గుమ్మంలో కూర్చుంది, పిల్లలు పిలిచే దాకా. పిల్లలు పిలిచాక లేచింది.

ముజఫ్ఫర్ తల్లి దగ్గర అంతా విని వచ్చాడు. నఫోసత్ బట్టలు సర్దుకుంటోంది. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అరుస్తాడేమోనని ఆమె ఆశపడింది.

"ఆ వాంతి కూడా అబద్ధమేనా?"

"అది అబద్ధమే."

అతను తలూపాడు. ఇద్దరం కలిసి ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్దామని, ఫలితం ఏదైనా ఆ తర్వాత తను కువాలో ఉండటానికి సిద్ధమని ఆమె నెమ్మదిగా చెప్పింది. ఇంతమందికి తెలిశాక ఇప్పుడెందుకులే అన్నాడు. పనికి పిలిచారట, నవ్రూజ్ దాకా కూడా ఆగకుండా ముందే వెళ్తాడట. బయటికెళ్ళి కారు మీద పేరుకున్న మంచు తుడిచాడు.

ఆమెని కువాలో దింపడానికి అతనే బయల్దేరాడు. కువా ఇంక కొంత దూరం ఉందనగా అతను కారు పక్కకి తీసి ఆపాడు. అతను స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తున్నాడు. పెదాలు కదిలినట్టనిపించింది. ఆమె అతని వైపు తిరిగి కూర్చుని, ఏం చెప్తే ఏమనాలో మనసులో సిద్ధం చేసుకుంది. ఇదిగో, మాట చెప్తాడు, కారు వెనక్కి తిప్పుతాడు అనుకుంది.

గట్టు మీంచి దిగుతున్న గొర్రెల మంద ఒకటి రోడ్డెక్కి, తీరిగ్గా అటువైపు దాటింది. చివరి గొర్రె దాటాక ముజఫ్ఫర్ గేరు మార్చి కారును ముందుకే పోనిచ్చాడు.